అద్దానికి అంటుకున్న ఫొటోను లాగకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పాఠకుల ప్రశ్నల శీర్షికలో పెదవాల్తేరు నుంచి ఒకరు, గోడకున్న పాత నలుపు తెలుపు ఫొటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయింది, ఎలా విడదీయాలి అని అడిగారు. హెయిర్‌డ్రయర్‌తో వేడి చేసి మెల్లగా లాగమని జవాబు వేశారు. ఆ జవాబు తప్పు. అలా లాగితే ముఖం అద్దం మీద ఉండిపోతుంది, తెల్ల కాగితం చేతికొస్తుంది. పాత కాగితాలు, ఫొటోలు, ఇళ్లలో దాచుకున్న వస్తువులు బాగుచేసే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాం. ఆ శీర్షికకు తరచూ వచ్చే మరికొన్ని ప్రశ్నల సంగతి కూడా ఇందులోనే చెప్పాం. స్థలం చాలకపోతే ఫొటో సంగతి ఉంచి తక్కినవి కత్తిరించండి.

పాతకాలపు నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ ఉండేది కాగితంలో కాదు. కాగితం మీద పల్చటి జెలటిన్ పొర ఉంటుంది, వెండి రేణువులు అందులో ఉంటాయి. జెలటిన్ అంటే పశువుల ఎముకల నుంచీ తోళ్ల నుంచీ తీసే పదార్థమే, వడ్రంగులు వాడిన పాత వజ్రం జిగురుకు దగ్గరి చుట్టం. చెమ్మ తగిలితే ఉబ్బి బంకలా అవుతుంది, ఆరితే పట్టుకున్నదాన్ని వదలదు. ఫొటో నేరుగా అద్దానికి ఆనుకుని ఉంటే ఏటా వానాకాలం కాస్త బంక, చలికాలం కాస్త బిగువు. పదేళ్లు తిరిగేసరికి అద్దం, జెలటిన్ ఒకటైపోతాయి. అద్దంతో పడిన ఆ పట్టు, కాగితంతో ఉన్న పట్టు కన్నా గట్టిది. అందుకే లాగితే కాగితం వైపే విడిపోతుంది. హెయిర్‌డ్రయర్ వేడికి జెలటిన్ ఇంకా ఎండి పెళుసవుతుంది తప్ప వదులు కాదు.

మరి ఏం చేయాలి? విడదీయకూడదు, అంతే. ఫ్రేము వెనక అట్ట, మేకులు తీసేసి అద్దాన్నీ ఫొటోనూ కలిపే బయటికి తీయండి. అద్దం బయటి వైపు కొద్దిగా తడిపిన మెత్తటి బట్టతో తుడవండి. నీళ్లు నేరుగా చల్లకండి, అంచుల్లోంచి లోపలికి దిగుతాయి. అద్దంతో సహా ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద బోర్లా పెట్టి 600 డీపీఐలో స్కాన్ చేయించండి. స్కానర్ దొరక్కపోతే కిటికీ పక్క నీడపట్టున నిలబెట్టి, కెమెరా సరిగ్గా ఎదురుగా ఉంచి, కెమెరా వెనక నల్లబట్ట పట్టుకుని ఫొటో తీస్తే అద్దంలో ప్రతిబింబం పడదు. తర్వాత ఆ అద్దం, ఫొటో జంటను అలాగే కొత్త ఫ్రేములో బిగించండి. నీళ్లలో నానబెట్టి విడదీసే పద్ధతి ఒకటి ఉన్న మాట నిజమే. కానీ పాత స్టూడియోల్లో చేత్తో రంగులద్దిన ఫొటో అయితే ఆ రంగులు నీళ్లలోనే పోతాయి. అనుభవం ఉన్నవాళ్లకు వదిలేయాల్సిన పని అది.

ఇంకా అంటుకోని ఫొటోలను కాపాడుకోవడం చాలా తేలిక. ఫొటోకూ అద్దానికీ మధ్య, బొమ్మ కనిపించేలా నడుమ కిటికీలా కోసిన, రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న అట్ట మౌంట్ పెట్టించండి. మామూలు గోధుమరంగు అట్ట వద్దు, యాసిడ్ లేని మౌంట్ బోర్డు అని అడగండి. ఫ్రేము వెనక కింది రెండు మూలల్లో అయిదు మిల్లీమీటర్ల కార్కు బిళ్లలో రబ్బరు బిళ్లలో అంటిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. సముద్రం వైపు బయటి గోడకూ, స్నానాలగది గోడకూ ఫొటోలు తగిలించకండి. పెద్దల ఫొటోలకు అద్దం మీద తడి చందనం బొట్టు పెడతాం. ఆ తడి జారి కింది అంచులోకి దిగడం వల్లే చాలా ఫొటోలు అడుగు నుంచి చెడతాయి. బొట్టు స్టిక్కరు పెట్టండి, లేదా చందనం గట్టిగా కలిపి పెట్టండి. పచ్చి పూలదండ సాయంత్రానికి తీసేయండి.

ఇదే ఫొటో అనంతపురంలో నలభై ఏళ్లు చెక్కుచెదరకుండా ఉంటుంది, విశాఖలో ఎందుకు ఉండదని అడుగుతారు. కారణం ఉప్పు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే నీళ్లవుతుంది. వంటింట్లో ఉప్పు చెమర్చేది అందుకే. అలల నుంచి లేచే సన్నటి ఉప్పు రేణువులు గాలితో వచ్చి కిటికీ ఊచల మీద, బీరువా తలుపు మీద, వెండి గిన్నె మీద కూర్చుంటాయి. తేమ ఆ గీత దాటిన ప్రతి రాత్రీ ఒక్కో రేణువూ ఒక్కో ఉప్పునీటి బొట్టు. ఆర్కే బీచ్‌లో ఉన్న ఐఎన్ఎస్ కుర్సుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. సముద్రం కోసమే కట్టిన ఆ ఉక్కు పెట్టెకు కూడా ఉప్పుగాలి నుంచి సెలవు లేదు, మళ్లీ మళ్లీ రంగు పడాల్సిందే. మన పెళ్లి ఆల్బమెంత!

కాబట్టి ముందు కొనాల్సింది కర్పూరం ఉండలు కాదు, తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. అది సరిగ్గా చూపిస్తోందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, తడిఇసుకలా అయ్యేన్ని నీటిచుక్కలు కలపండి. కరిగిపోయేంత పోయకండి. ఆ మూతనూ మీటరునూ ఒకే జిప్ సంచిలో, ఒకదానికొకటి తగలకుండా పెట్టి బిగించి, పది గంటలు కదపకండి. మీటరు 75 చూపాలి. 80 చూపితే ఎప్పుడూ అయిదు తీసేసి చదువుకోండి. దాచుకున్న వస్తువులకు 45 నుంచి 55 మంచిది. 65 దాటి రోజుల తరబడి ఉంటే బూజు మొదలవుతుంది. మరీ 30కి దిగినా తాళపత్రాలు, దంతం, చెక్క పగులుతాయి.

బిగువైన మూత ఉన్న స్టీలు డబ్బా మంచిదే, కానీ దాన్ని ఏ రోజు మూశారన్నది ముఖ్యం. శ్రావణ మాసంలో మూస్తే ఆ చెమ్మనంతా లోపల పెట్టి తాళం వేసినట్టే. డిసెంబరు, జనవరి నెలల్లో పొడిగా ఉన్న రోజు చూసి, పొద్దున్న పదింటికి తెరిచి, నీడలో గాలికి ఆరనిచ్చి, మూడింటిలోపు మూయండి. ఇరవై లీటర్ల డబ్బాకు తేమ పీల్చే సిలికాజెల్ గుళికలు పావుకిలో నుంచి అరకిలో కావాలి. చెప్పుల పెట్టెలో వచ్చే చిన్న పొట్లాలు రెండు మూడు పడేస్తే చాలదు. నీలం రంగుది కొనకండి, అందులో కోబాల్ట్ ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు. నారింజ రంగుది తీసుకోండి. తేమ నిండితే ఆకుపచ్చకు తిరుగుతుంది. అప్పుడు ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెడితే మళ్లీ పనికొస్తుంది. వంటకు వాడే పళ్లెంలో పెట్టకండి. బియ్యం మూట పెట్టమనే చిట్కా ఒకటి తిరుగుతోంది. అది తేమ లాగేది తక్కువ, పురుగును పిలిచేది ఎక్కువ.

ఇక లామినేషన్. పాత సర్టిఫికెట్లు, తాతల ఉత్తరాలు లామినేట్ చేయిస్తే భద్రమని అందరూ అనుకుంటారు. ఆ వేడికి కాగితం దెబ్బతింటుంది, ప్లాస్టిక్ జిగురు పోగుల్లోకి దిగుతుంది, మళ్లీ తీయడం కుదరదు. సెల్లోటేపు కూడా అంతే. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, గోధుమరంగు జిగురు మరక కాగితంలో ఉండిపోతుంది. పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లో వదులుగా పెడితే చాలు. కవరు తెరిస్తే కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చిందా, అది పీవీసీ అనే ప్లాస్టిక్, వద్దు. ఒకప్పుడు పెళ్లిళ్లకు ఇచ్చిన జిగురు పేజీల ఆల్బమ్‌ల నుంచి ఫొటోలు బయటికి తీయడం మంచిది. ముందు పేజీ పేజీకీ ఫొటో తీసుకోండి, తర్వాత పళ్లు శుభ్రం చేసుకునే మైనం లేని సన్నదారాన్ని ఫొటో వెనక ఒక మూల నుంచి రంపంలా ఇటూ అటూ ఆడిస్తూ తీయండి. ఫొటోను వంచకూడదు. రాకపోతే వదిలేయండి. ఫొటో వెనక పేర్లు రాయడానికి బాల్‌పెన్ వద్దు, మెత్తటి పెన్సిల్‌తో అంచు దగ్గర రాయండి. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్త ఫొటోల మీద పెన్సిల్ పడదు. వాటికి విడి చీటీ రాసి కవర్లో పెట్టండి.

తేదీ లేని పాత పోస్టుకార్డు ఏ ఏటిదో ఎలా తెలుస్తుందన్నది మాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న. ముందు చిరునామా చదవండి, ఉత్తరం తర్వాత. పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిది, ఆ పద్ధతి ఆ రోజే మొదలైంది. లేకపోతే ముందుదని మాత్రం అనుకోకండి, పిన్ రాయని పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ధర నయాపైసల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కీ 1964కూ మధ్య అచ్చయినది. అణాల్లో ఉంటే అంతకు ముందుది. తర్వాత జిల్లా పేరు. ఉత్తరాంధ్ర వాళ్లకు ఇది దొరికినంత బాగా ఇంకెవరికీ దొరకదు. శ్రీకాకుళం పక్కన గంజాం జిల్లా అని ఉంటే 1936 ఏప్రిల్‌కు ముందుది, అప్పటికింకా ఒరిస్సా రాష్ట్రం విడిపోలేదు. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లా అని ఉంటే 1936కూ 1950 ఆగస్టుకూ మధ్యది. శ్రీకాకుళం జిల్లా అని ఉంటే ఆ తర్వాతది. విజయనగరం పక్కన విశాఖపట్నం జిల్లా అని ఉందంటే 1979 జూన్‌కు ముందు మాట, విజయనగరం జిల్లా అప్పుడే పుట్టింది. జనం పాత జిల్లా పేరు కొన్నాళ్లు అలవాటుగా రాస్తూనే ఉంటారు కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ చూసుకోండి.

లోపల తెలుగు సంవత్సరం పేరుంటే పని ఇంకా తేలిక. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. ప్రభవ 1987 ఉగాదితో మొదలైంది. అక్కడి నుంచి లెక్కపెట్టి అరవై తీసేస్తూ వెనక్కి వెళ్లండి. విరోధి నామ సంవత్సరం 2009లో వచ్చింది, దానికి ముందు 1949, ఇంకా ముందు 1889. చిరునామాలో శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లా అనీ, లోపల విరోధి నామ సంవత్సర వైశాఖం అనీ ఉంటే అది 1949 మే నెల దరిదాపుల్లో రాసిన ఉత్తరమే, సందేహం లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ ఏటి పేరు చిత్రభాను. ఇంట్లో చిత్రభాను నామ సంవత్సరపు ఉత్తరాలుంటే ఆ కట్టను ముందు స్కాన్ చేయించండి, అవి ఇంటికే కాదు, ఊరికీ విలువైనవి. స్టాంపు చించి తీయకండి, దాని మీది తపాలా ముద్రలోనే తేదీ, ఊరు ఉంటాయి.

పట్టుచీరల విషయంలో ఎక్కువ నష్టం మడతల దగ్గరే. పాత అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ చుట్టిన పల్చటి వెండి తీగ, పైన బంగారు పూత. ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంటే తీగ విరుగుతుంది. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి. చుట్టడానికి పాత తెల్ల నూలు పంచె ఉతికి వాడండి, గంజి మాత్రం ఉండకూడదు, గంజి పురుగుకు మేత. పాలిథిన్ కవరు వద్దు, చీర చుట్టూ రబ్బరు బ్యాండు వద్దు, అందులోని గంధకం జరీని నల్లబరుస్తుంది. నాఫ్తలీన్ ఉండలు, కర్పూరం కలిపి మాత్రం వేయకండి. విడివిడిగా రెండూ గట్టిగానే ఉంటాయి, కలిస్తే సుమారు 32 డిగ్రీలకే కరుగుతాయి. మన వేసవిలో అది నూనె మరకై పట్టులో దిగుతుంది. ఇంకో మాట, ఇది చీరల సంగతి కాదు. పసిపిల్లల బట్టలు, బారసాలకు తీసే పాత ఉయ్యాల బట్టలు ఉన్న పెట్టెలో నాఫ్తలీన్ అసలు వేయొద్దు. జీ6పీడీ లోపం, అంటే ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం, ఉన్న పిల్లలకు ఆ ఆవిరితోనే రక్తకణాలు పగిలి కామెర్లు ప్రమాదకరంగా ముదురుతాయి. ఆ లోపం ఉన్నట్టు చాలామంది తల్లిదండ్రులకు ముందుగా తెలియదు.

వెండి నల్లబడేది ఉప్పువల్ల కాదు, గంధకం వల్ల. అది తుప్పు కాదు, వెండి సల్ఫైడు. టూత్‌పేస్టుతోనో విభూతితోనో రుద్దినప్పుడు నలుపుతో పాటు వెండి కూడా కొంత పోతుంది. గిన్నె అడుగున అల్యూమినియం రేకు మెరిసేవైపు పైకి పరిచి, లీటరు వేడినీళ్లలో ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి, వెండి ఆ రేకుకు తగిలేలా రెండు మూడు నిమిషాలు ఉంచితే నలుపులోని గంధకం అల్యూమినియం వైపు పోతుంది, వెండి మిగులుతుంది. రాళ్లు పొదిగినవి, కావాలని నల్లబరిచిన పని ఉన్నవి ఇలా చేయకండి. లోపల లక్క నింపిన పాత నగలైతే అసలు వద్దు, వేడినీటికి లక్క మెత్తబడి నగ ఆకారమే పోతుంది.

ఇత్తడి బిందెకు చింతపండు, ఉప్పు వేసి తోమడం వాడుకునే సామానుకు సరే. దాచుకునే సామానుకు సరికాదు. అందులోని ఉప్పు సందుల్లో మిగిలి, మన గాలిలో మళ్లీ చెమర్చి, పచ్చటి పొడిలా బయటికొస్తుంది. తుడిచిన కొద్దీ వస్తుందంటే లోపల తినేస్తోందని అర్థం. కుళాయినీళ్లతో కాకుండా బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడిగి, వెంటనే పూర్తిగా ఆరబెట్టి, సిలికాజెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. బిందె మెడ దగ్గర కొట్టించిన పేరు, తేదీ ఉంటే అక్కడ అసలు తోమకండి. సామానులో చరిత్ర ఉండేది అక్కడే.

పెద్దల నుంచి వచ్చిన దంతపు పెట్టె ఉందని అడిగేవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో మన ఊరి కళాకారులు చందనపు చెక్క మీద దంతపు రేకులు పరిచి, గీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపి చేసిన పెట్టెలు విదేశీ మ్యూజియాల్లో ఉన్నాయి. దంతమా, ఎముకా అని తేల్చడానికి వేడిసూది గుచ్చమంటారు, ఆ పని చేయకండి. భూతద్దంతో కోత అంచు చూడండి. ఏనుగుదంతంలో ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి వంపు గీతలు కనిపిస్తాయి, ఎముకలో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. నీళ్లు తగలనివ్వకండి, ఏసీ గాలికి ఎదురుగా పెట్టకండి. అమ్మకం నేరం. ఉంచుకోవడానికి కూడా 1972 వన్యప్రాణి చట్టం కింద పత్రం కావాలి, అటవీ శాఖను అడగండి.

తాళపత్రాలు నీళ్లతో తుడవకూడదు, బలవంతంగా విప్పకూడదు. మెత్తటి కుంచెతో పొడవునా దుమ్ము తీయండి. ఘంటంతో గీసి మసి పూసిన రాతకు మాత్రమే, ఆకు పెళుసుబారితే, నిమ్మగడ్డి నూనె దూదికి అద్ది పల్చగా రాస్తారు. రంగుబొమ్మలున్నా, సిరాతో రాసినా అది పనికిరాదు. పచ్చి వేపాకు పెట్టకండి, అందులో ఉండేది నీళ్లే. ఎండిన వస కొమ్ముల మూట మేలు. చదివించాలంటే ఆంధ్ర విశ్వకళా పరిషత్తులోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో తాళపత్రాల సేకరణ ఉంది, అక్కడ అడగండి. పాత పుస్తకాలకు పురుగు పడితే పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా కట్టి, డీప్ ఫ్రీజర్లో సున్నాకు 18 డిగ్రీలు కిందన రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజంతా కవరు విప్పకండి, విప్పితే చల్లటి కాగితం మీద నీళ్లు పట్టేస్తాయి.

పెళ్లి వీడియో క్యాసెట్ల మీద తెల్లటి బూజు కనిపిస్తే ఆడించకండి. ఒక్క క్యాసెట్టు బూజు ప్లేయరుకు అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టునూ పాడుచేస్తుంది.

చివరగా తుపాను సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీలు ఊడిన ఇళ్లలో ఆల్బమ్‌లు, ఫ్రేములు తడిశాయి. తడిసిన ఫొటోల కట్టను చాలామంది ముందు ఎండబెడతారు. ఎండితే అన్నీ అంటుకుపోయి ఇటుకే. ఇంకా తడిగా ఉండగానే శుభ్రమైన చల్లటి నీళ్లున్న టబ్బులో ఉంచి, నీళ్లలోనే ఒక్కొక్కటి విడిపోనిచ్చి, బొమ్మ వైపు వేలు తగలకుండా అంచులు పట్టుకుని తీయాలి. ఉప్పునీళ్లు తగిలితే మూడుసార్లు నీళ్లు మార్చాలి. చేత్తో రంగులద్దినవి, వెనక సిరాతో రాసినవి మాత్రం నీళ్లలో ముంచకండి. బొమ్మ పైకి ఉండేలా నూలు బట్ట మీద నీడలో పరవండి. ఫ్యాను గాలి గదిలో తిరగాలి కానీ నేరుగా మీద పడకూడదు. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది, అంతలో చేయలేకపోతే మధ్యమధ్య పాలిథిన్ కాగితం పెట్టి ఫ్రీజర్లో ఉంచండి, తీరిక చూసుకుని చేయొచ్చు. ఫ్రేములో తడిసిన ఫొటోను మాత్రం ఆగకుండా, ఆ తడిలోనే అద్దం నుంచి తీసేయాలి. ఆరనిచ్చారంటే పెదవాల్తేరు పాఠకుడు అడిగిన ప్రశ్నే మళ్లీ అడగాల్సి వస్తుంది.

ఆ పాఠకుడి చేతిలో ఇప్పటికే హెయిర్‌డ్రయర్ ఉండొచ్చు. సవరణ వచ్చే ఆదివారం దాకా ఆపకుండా రేపటి పత్రికలోనే, కనీసం రెండు వాక్యాలైనా, వేయండి.

ఇట్లు,
పాత వస్తువుల సంరక్షణ పనిలో ఉన్న కొందరు పాఠకులు,
విశాఖపట్నం